పెళ్లికార్డు కోయగా మిగిలిన ముక్క

ఆ ఉదయానికి నా చేతిలో ఉన్నవి ఇవి. నరసరావుపేట స్టేషన్ రోడ్డులో సొంత ప్రెస్సు, దాని మీద సొంత ఇల్లు. బాకీలు తీరిన ఆఫ్‌సెట్ మిషను. కొత్త బ్లేడు వేయించిన కటింగ్ మిషను. ఏ పార్టీ వాళ్లయినా జంకకుండా మెట్లెక్కే కొట్టు. చెప్పిన మాట వింటుందని చెప్పలేను గానీ నా మేలు కోరే భార్య శివపార్వతి. ఊళ్లు తిరిగి ఆర్డర్లు తెచ్చే కొడుకు వెంకటేష్. కంప్యూటరు మీద అక్షరాలు పేర్చే కోడలు దీపశ్రీ. కటింగ్ మిషను పక్కన గోనెపట్టా కింద ఒక పసుపు కాగితాల కట్ట.

ఆ చివరిది లేకపోతే బాగుండేది. లెక్క లెక్కే కాబట్టి రాస్తున్నాను.

ఇవన్నీ ఉండగా, శ్రీమన్నారాయణగారి జిన్నింగ్ మిల్లు మేనేజరు సుధీర్ మా హాల్లో కూర్చున్నాడు. పెట్టిన కాఫీ ముట్టలేదు. టీపాయ్ మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచాడు. ఒకటి శ్రీమన్నారాయణగారి అమ్మాయి చందన పెళ్లికార్డు. రెండోది నాలుగు వేళ్ల వెడల్పున్న చిన్న కవితల పత్రిక. పేరు ‘మిగులు’. రెండూ నా ప్రెస్సులో అచ్చయినవే. రెండోదాని మీద ఆ సంగతి ఎక్కడా లేదు.

“చెయ్యి పెట్టి చూడండి శెట్టిగారూ,” అన్నాడు.

చూడక్కర్లేదు. పసుపు రంగు, లోపల బంగారు పోగుల్లాంటి సన్నటి గీతలు. ఆ కాగితం శ్రీమన్నారాయణగారు హైదరాబాదు వెళ్లి తానే ఎంచి తెచ్చారు. “ఇది మన జిల్లాలో ఇంకొకడి ఇంటికి పోగూడదు శెట్టీ,” అని నా బల్ల మీద పెట్టించారు.

ఇంకొకడి ఇంటికి పోలేదు. ఆయన ఇంటికే పోయింది, ఆయన్ని తిట్టే కవిత మోసుకుని.

“రాసినోళ్ల పేరు కావాలన్నారు అయ్యగారు. మధ్యాహ్నం లోపల మిమ్మల్నే వచ్చి చెప్పమన్నారు. ఫోనొద్దన్నారు.”

“చెబితే?”

“చెబితే మీకేం లేదు. మీరు మనోళ్లేగా.”

“చెప్పకపోతే?”

సుధీర్ మా ఇల్లంతా ఒకసారి చూశాడు. వంటింటి గుమ్మంలో ఆడవాళ్ల నీడలు, మేకుకు వేలాడే బండి తాళాలు.

“మీ వెంకటేష్ ఆర్డర్లకని మా మిల్లు ముందు నుంచేగా పోతాడు. చానా స్పీడు మీదుంటాడు. లారీలు తిరిగే రోడ్డు. కాస్త మెల్లగా పొమ్మని చెప్పండి.”

మంచి మాట చెప్పినట్టే చెప్పి, పత్రికను అక్కడే వదిలి మెట్లు దిగిపోయాడు. పెళ్లికార్డు మాత్రం జేబులో పెట్టుకుని పోయాడు.

కింద కారు కదిలిన చప్పుడు వినబడింది.

“ఇంతకీ ఏముందిరా అందులో?” అంది శివపార్వతి. “చదువు. నా కొడుకుని లారీ కింద పెట్టే మాట ఏం రాశారో వింటాను.”

వెంకటేష్ పత్రిక తీసి, పెళ్లాం వైపు చూస్తూ గట్టిగా చదివాడు.

“బేలు కట్టారు,
ముద్ర వేశారు,
లారీ ఎక్కించారు.
లోపల ఎక్కడో
ఆకుపచ్చ గాజు ముక్క.
ఏ ఊళ్లో
ఎవరి చీరలో గుచ్చుకుంటుందో,
వాళ్లకు తెలుస్తుంది
ఆమె మెట్టు మీద
జారలేదని.”

శివపార్వతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ‘ఆమె’ ఎవరో మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. మరియమ్మ. శ్రీమన్నారాయణగారి మిల్లులో మిషనులోకి పత్తి తోసే కూలీ. మొన్న చలికాలంలో ఆమె కుడిచెయ్యి మోచేతిదాకా పోయింది. ఇంటి మెట్టు మీద జారి పడిందని మిల్లువాళ్లు చెప్పారు. మెట్టు మీద పడితే చెయ్యి విరుగుతుంది గానీ ఊడదని అందరికీ తెలుసు. తెలిసినా అందరం మెట్టు అనే అంటున్నాం. మరియమ్మ ఇప్పుడు రాజుపాలెంలో పుట్టింట ఉంది. ఆమె మొగుడు బెంజిమిన్ ఇంకా ఆ మిల్లులోనే బేళ్లు ఎత్తుతున్నాడు.

“ఎవరు రాశారు?” అన్నాడు వెంకటేష్.

దీపశ్రీ ముట్టని కాఫీ కప్పు టీపాయ్ మీంచి తీసింది.

“నిన్నే అడిగేది. పేరు చెప్పు, నాన్న పోయి చెప్పొస్తాడు, అయిపోతుంది.”

“చెప్పనని మాటిచ్చాను.”

“మాటిచ్చిందంట! నాకూ ఇచ్చావు పెళ్లిలో. దానికి రేటు తక్కువా?”

“గమ్మునుండరా,” అన్నాను.

“నువ్వు గమ్మునుండబట్టే ఇదంతా నాన్నా. పేపరు పారేస్తే పోయేదానికి, పోనీలే అమ్మా వేసుకో, వేసుకో అని నువ్వేగా ఇచ్చింది?”

ఆ మాట నిజం. ఏ కార్డు కోసినా పక్కన నాలుగు వేళ్ల ముక్క మిగులుతుంది. కాగితం గిరాకీ తెచ్చుకున్నదైనా కోత ముక్క ప్రెస్సుదే. అది మా పనిలో తాతల నాటి ఆనవాయితీ. ఆ ముక్కలు చిత్తుకాగితాల వాడికి వేసేవాణ్ణి. దీపశ్రీ కాపురానికొచ్చాక వాటి మీద పత్రిక వేస్తానంది. కాగితం ఖర్చు లేదు కదా అని సరేనన్నాను. ఏ పెళ్లి కాగితం మిగిలితే ఆ సంచిక ఆ రంగు. ముక్క ఇరుకు కాబట్టి పాదాలు కూడా పొట్టిగా రాయాలి. పొడుగ్గా రాసే కవులు మొదట అలిగారు, తర్వాత అలవాటుపడ్డారు. అచ్చయ్యాక దీపశ్రీ లైబ్రరీలో, టీకొట్లలో, బస్టాండు పుస్తకాల బంకులో పెట్టి వచ్చేది. మొన్న పసుపు కట్ట మిగిలితే, “ఇంత మంచి కాగితం చిత్తులోకి ఎందుకమ్మా, దీని మీద వెయ్యి,” అన్నది నేనే. ఒక్క పేజీ చదవలేదు. నాకు అది కాగితమే, కవిత కాదు.

ఇంకొకరి ప్రెస్సయితే ఆ ముక్కలు పారేసేది. బతికిపోయేది. వృథా చేయకపోవడమే నా తప్పయింది.

శివపార్వతి కోడలి ముందుకెళ్లి నిలబడింది.

“దీపా, నేను నిన్ను ఏ రోజన్నా ఒక మాటన్నానా?”

“లేదత్తయ్యా.”

“వంట మానేసి కంప్యూటరు ముందు కూర్చున్నా అనలేదు. నీ కవులొచ్చి నా కాఫీ పొడంతా తాగిపోయినా అనలేదు. ఇవాళ అడుగుతున్నా. ఆ పేరు నాకు నా కొడుకు ప్రాణం కంటే ఎక్కువా చెప్పు.”

“ఆయన నాకూ మొగుడే అత్తయ్యా.”

“మరి?”

“ఆ పేరు చెబితే ఇంకో ప్రాణం పోతుంది.”

వెంకటేష్ తాళాలు తీసుకుని, ఎక్కడికీ పోలేక, మళ్లీ మేకుకు తగిలించాడు.

నేను కోడల్ని కింద ప్రెస్సులోకి రమ్మన్నాను. షట్టరు సగం దించాను. వ్యాపారంలో ఒక పద్ధతుంది. ధర చెప్పనివాణ్ణి ధర అడగకూడదు. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి.

“పేరు వద్దులేమ్మా. బెంజిమినా కాదా, అంతవరకు చెప్పు.”

“కాదు మామయ్యా. అతనికి చదువు రాదు.”

“గాజు ఆకుపచ్చదని లోపలి మనిషికి తప్ప తెలీదు. మిల్లులో మనిషేనా?”

తల వంచుకుంది.

“ఎంత దూరంలో ఉంటాడు? ఊరు దాటించే టైమన్నా ఉందా మనకి?”

దీపశ్రీ గోనెపట్టా వైపు చూసింది. మెల్లగా అంది. “ఆ పేరు మీరు చెబితే, శ్రీమన్నారాయణగారు చెప్పులు తొడుక్కోనక్కర్లేదు మామయ్యా. అక్కడికక్కడే అయిపోతుంది.”

పేపరు రీములమీద కూలబడ్డాను.

చందన. పెళ్లికూతురు.

కార్డు ప్రూఫు చూసుకోవడానికని ఆ అమ్మాయి మా ప్రెస్సుకి మాటిమాటికీ వచ్చింది. కార్డులో తప్పు లేకపోయినా వచ్చింది. ఇద్దరూ కంప్యూటరు ముందు తలలు దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్లు. నగల డిజైన్ల సంగతేమో అనుకున్నాను.

“వాళ్ల ఇల్లు మిల్లు కాంపౌండులోనే మామయ్యా. పై గది కిటికీ మిషన్ల షెడ్డు మీదికే ఉంటుందంట. ఆ రోజు చూసిందంట. ఎవరికీ చెప్పలేక రాసింది. పేరు వెయ్యొద్దంది.”

“ఆ కాగితం ఎవరిదో తెలుసా ఆ అమ్మాయికి?”

“తెలీదు. ముక్కలు మనం ఏం చేస్తామో ఆమెకెట్టా తెలుస్తుంది? నాకు తట్టాల్సింది. ఏ సంచికకు ఏ రంగొచ్చినా ఎప్పుడూ చూసుకోలేదు కదా... ఈసారీ చూసుకోలేదు.”

కోడలు అప్పుడు ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నాకు అంత తీరిక లేదు. భయం లోపల లెక్క మొదలుపెట్టింది.

మిల్లుకు బండి మీద వద్దని బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేదు. నిలబడితే ఆలోచన సాగుతుందనుకున్నాను. సాగలేదు. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చే ప్రతి లారీ చక్రాల పక్కన నా కొడుకు బండి కనబడింది.

పేరు చెబితే నా కొడుకు దక్కుతాడు, ఒకరి కూతురు పోతుంది. పెళ్లి ముందు ఇంటి పరువు రోడ్డున వేసిన పిల్లను ఆ ఇంట్లో ఏం చేస్తారో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు. చెప్పకపోతే బేరం తిరగబడుతుంది. మూడో దారి ఏదన్నా ఉందా అని చూస్తే, ఉంది. అది నాకు మిల్లు గేటు దగ్గరే కనబడింది.

బెంజిమిన్‌ను కాటా పక్కన కూర్చోబెట్టారు. కట్టేయలేదు, కొట్టలేదు. లేవొద్దన్నారంతే. ఎండలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

“శెట్టిగారూ, నాకు సంతకమే రాదండీ. మీరన్నా చెప్పండి అయ్యగారికి.”

నేను తలొంచుకుని మెట్లెక్కాను.

శ్రీమన్నారాయణగారు మర్యాదగా మాట్లాడే మనిషి. కేక వేయగా నేను ఎప్పుడూ వినలేదు. అందుకే ఆయనంటే భయం.

“రా శెట్టీ, కూర్చో. ఎండన పడి వచ్చావు. అమ్మా చందనా, మజ్జిగ తే.”

కూర్చున్నాను. సుధీర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

“నా కాగితం మీద నన్నే తిట్టించావే.”

“కాగితం మీదేనండీ. కోత ముక్క మాత్రం ప్రెస్సుది. ఆనవాయితీ ప్రకారం...”

“ఆనవాయితీ!” నవ్వారు. “సరే, ముక్క నీదే. మాట ఎవరిది?”

నేను సుధీర్ వైపు చూశాను.

“నీకు కష్టం లేకుండా నేనే చెబుతా. బెంజిమిన్ నోటితో చెప్పాడు, మీ కవులెవరో కాగితం మీద పెట్టారు. అంతేగా? నువ్వు నోరు తెరవనక్కర్లేదు. ఊ అను చాలు. నీ ఇల్లు నీకు, నీ కొడుకు నీకు.”

ఇంత చవగ్గా ఇన్ని దక్కే బేరం నా జీవితంలో రాలేదు. ఒక్క ఊ.

అప్పుడు చందన వచ్చింది. మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టింది. ఆమె చేతిలో గ్లాసు తొణకలేదు. నేను అందుకున్నాక తొణికింది. ఆమె నా ముఖంలోకి చూడలేదు. కానీ వెళ్లిపోలేదు. గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడింది.

కిటికీలోంచి కాటా కనబడుతోంది. బెంజిమిన్ అరచేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని ఈ కిటికీ వైపే చూస్తున్నాడు. అతని చేతులు రెండూ ఉన్నాయి. ఇంకా ఉన్నాయి.

“ఊ అను శెట్టీ.”

“నేనే రాశానండీ,” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాక్కూడా కాసేపు నమ్మకం కుదరలేదు. సుధీర్ పకపకా నవ్వాడు.

“శెట్టిగారు కవిత్వం రాశారంట! బిల్లు పుస్తకాల మీదేనాండీ?”

శ్రీమన్నారాయణగారు నవ్వలేదు.

“చదువు.”

“ఏందండీ?”

“నువ్వు రాసిందే కదా. చూడకుండా చదువు.”

పొద్దున వెంకటేష్ చదవగా ఒక్కసారి విన్నాను. గిరాకీల ఫోన్ నంబర్లు ఒక్కసారి వింటే పట్టేస్తాను. పాదాలు పొట్టివి కాబట్టి ఆ పద్ధతిలోనే పట్టాయి. కళ్లు మూసుకుని నంబరు చెప్పినట్టు చెప్పాను. బేలు కట్టారు. ముద్ర వేశారు. లారీ ఎక్కించారు. గాజు ముక్క దగ్గర పాదం తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను. చివరిదాకా వచ్చాను. గోడ దగ్గర ఎవరిదో ఊపిరి వినబడింది.

“ఆకుపచ్చ గాజని నీకెవరు చెప్పారు?”

“బేళ్ల మీద అంటించే లేబుళ్లివ్వడానికి వచ్చానండీ ఆ రోజు. నేనే చూశాను.”

“నాకు కనబళ్లేదే.”

“గొడవలో మీరు చూసుండరు.”

“యాడ నిలబడ్డావు?”

ఇక్కడ నా దగ్గర సరుకైపోయింది. ఆ మిల్లులో షెడ్డు ఎక్కడో, గేటు ఎక్కడో తెలుసు. ఎక్కడ నిలబడితే మిషను కనబడుతుందో తెలీదు. తప్పు చోటు చెబితే అబద్ధం తేలిపోతుంది. మజ్జిగ చేతిలోనే ఉన్నా తాగాలని తోచలేదు.

“యాడ శెట్టీ?”

“కాటా పక్కన తెల్ల లారీ ఉంది కదా నాన్నా,” అంది చందన గోడ దగ్గర్నుంచి. “దాని వెనక నిలబడ్డాడు శెట్టి బాబాయి. చేతిలో లేబుళ్ల కట్ట కూడా ఉంది. నేను చూశా.”

నన్ను కాపాడాలనే అంది. తడుముకోకుండా, గట్టిగా అంది. నా ప్రాణం ఒక్క క్షణం కుదుటపడింది.

మరుక్షణం అర్థమైంది ఏం జరిగిందో. గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది, ఆ అమ్మాయికి తప్ప. తర్వాత ఆమెకూ అర్థమైంది.

శ్రీమన్నారాయణగారు కుర్చీలోనే మెల్లగా తిరిగారు.

“నువ్వు చూశావా?”

చందన గోడ నుంచి కాస్త పక్కకు జరిగింది.

“ఆ రోజు జ్వరమని పడుకున్నావు కదమ్మా. పై గది తలుపేసుకుని.”

“కిటికీలోంచి... ఊరికే...”

“ఊరికే లారీ చూశావు. లారీ వెనక శెట్టిని చూశావు. ఆయన చేతిలో కట్ట చూశావు.” ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. “ఇంకేం చూశావు?”

చందన నా వైపు చూసింది. మొదటిసారి, సూటిగా. ఆ చూపులో నన్ను ఏదో చెప్పమని అడగడం లేదు. చెప్పొద్దని అడుగుతున్నట్టుంది. లేదా అలా అనుకోవడం నాకు సౌకర్యమేమో.

“అమ్మాయికేం తెలుసండీ, నేనే...” అన్నాను.

“మజ్జిగ తాగి పో శెట్టీ.”

“అయ్యా, రాసింది నేనని ఒప్పుకున్నా కదా...”

“విన్నా. నువ్వే రాశావు. బాగా రాశావు.” ఆయన నా వైపు తిరగలేదు. కూతుర్నే చూస్తున్నారు. “సుధీర్, ఆ బెంజిమిన్‌ను ఇంటికి పొమ్మను. శెట్టిగార్ని బస్సెక్కించు. తలుపేసి పో.”

తలుపు నా వెనక పడింది. లోపలి నుంచి ఏ చప్పుడైనా వస్తుందేమోనని మెట్ల మీద నిలబడ్డాను. ఏమీ రాలేదు. అంతకంటే భయమైన సంగతి నాకు తెలీదు.

ఇంటికొచ్చేసరికి దీపశ్రీ మెట్ల దగ్గరే ఉంది.

“చందన?”

జరిగింది చెప్పాను. చెప్పినకొద్దీ ఆమె రెయిలింగు పట్టుకుని కిందికి కిందికి జారి, మెట్టు మీద కూర్చుంది. ఫోను తీసి చూసింది. నంబరు నొక్కింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. మళ్లీ నొక్కింది.

“మీరు రాశానన్నారా?” అంది శివపార్వతి. నమ్మలేక మళ్లీ అడిగింది. “మీరా? పెళ్లయ్యాక నేను పుట్టింటికి పోతే ఒక్క కార్డుముక్క రాయని మనిషి, ఆ మిల్లులోకి పోయి కవిత్వం రాశానని చెప్పొచ్చారా?”

“ఇంకేం తట్టలేదే.”

నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెంకటేష్ కిందికెళ్లి, నేను అన్నం తింటున్నంతసేపూ షట్టరు దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి పెళ్లాం పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని తనూ ఆ నంబరు నొక్కాడు.

పొద్దు వాలకముందే మిల్లు కారు మళ్లీ వచ్చింది.

సుధీర్ డిక్కీ తెరిచి కట్టలు దింపించాడు. చందన పెళ్లికార్డులు. ఇంకా పంచనివన్నీ. నాలుగు మూలలా పసుపు పెట్టి ఉన్నాయి. ఇంట్లో ఆడవాళ్లు కూర్చుని పెట్టి ఉంటారు. ఇంకా వేలి గుర్తులు పోలేదు.

“కోసేయమన్నారు. మీ మిషను మీద, నా కళ్ల ముందే. పేర్లు కనబడకుండా.”

“పసుపు పెట్టిన కార్డులయ్యా!” శివపార్వతి గబగబా దిగి వచ్చింది. “శుభలేఖ కోస్తారా ఎవరన్నా? కీడురా నాయనా. పెళ్లేమైంది?”

“నాకు చెప్పలేదమ్మా.”

“అమ్మాయి ఎట్టా ఉంది?” అంది దీపశ్రీ.

సుధీర్ పొద్దుటి మనిషిలా లేడు. కట్టల తాళ్లు విప్పుతూ ఉండిపోయాడు.

“పై గది కిటికీకి ఇటుకలు పేర్పిస్తున్నారు,” అన్నాడు చివరికి. “మేస్త్రీ వచ్చాడు. నేను బయల్దేరేటప్పటికి సగం అయింది.”

“గదిలో ఆమె ఉందా?”

సుధీర్ ఒక కట్ట నా వైపు తోశాడు.

“సుధీర్, లోపల ఆమె ఉందా?”

“కొయ్యండి శెట్టిగారూ. నాకు టైమైపోతుంది.”

నేను మిషను ముందుకెళ్లాను. మొదటి కట్ట బల్ల మీద పెట్టాను. పైన వినాయకుడు, కింద చందన పేరు, బంగారు పోగుల మధ్య. కార్డు తిరగేశాను. వెనక వైపు అచ్చు లేదు. అచ్చు ఒకవైపే చాలని శ్రీమన్నారాయణగారే అన్నారు.

కోయమన్నారు. పేర్లు కనబడకూడదన్నారు. ఎంత వెడల్పున కోయాలో చెప్పలేదు.

కొలత బిళ్ల జరిపాను. దీపశ్రీ చూస్తోంది. ఎక్కడ ఆపుతానో ఆమెకు ముందే తెలిసినట్టు, రెండో కట్ట తెచ్చి సమంగా తట్టి నా పక్కన పెట్టింది. బ్లేడు దించాను. పేరు రెండుగా తెగింది. ముక్క నాలుగు వేళ్ల వెడల్పున పడింది.

“చిత్తుకేగా శెట్టిగారూ, అంత సమంగా ఎందుకు?” అన్నాడు సుధీర్.

“మిషను అంతే కోస్తుంది.”

నా వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. ఆ చూపు ఎటు పోతుందో తెలీలేదు. వెళ్లి అయ్యగారితో చెబుతాడా, చెప్పడా? అన్నీ కోసిందాకా ఉండి, ఒక్క ముక్క తీసి జేబులో పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

షట్టరు దించి లెక్క చూసుకున్నాను. ప్రెస్సు ఉంది. మిషన్లు ఉన్నాయి. వెంకటేష్ ఇంట్లోనే ఉన్నాడు. బెంజిమిన్ రెండు చేతులతో ఇల్లు చేరాడు. నేను రాయని కవిత ఒకటి నా పేరున జమైంది. గోనెపట్టా కింద ఒక కట్ట ఉండేది, ఇప్పుడు కట్టలు గోడకానించి వరసగా ఉన్నాయి. ఆయన ఎంచి తెచ్చిన కాగితం, కార్డూ ముక్కా తేడా లేకుండా, అంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఒక్కటీ వృథా పోలేదు. వెనక వైపు ఖాళీగా ఉంది, ‘మిగులు’ కొలతకు తెగి ఉంది.

దాని మీద రాయాల్సిన అమ్మాయి ఆ ఇటుకలకు లోపల ఉందో బయట ఉందో, ఆ ఒక్క పద్దూ తేలలేదు.

మెట్ల మీద దీపశ్రీ మళ్లీ నంబరు నొక్కింది. ఈసారి రింగైంది.

ఎవరో ఎత్తారు. మాట్లాడలేదు.